నాలుగు వాద్యాల సంవాదం: స్ట్రింగ్ క్వార్టెట్, గుంటూరు-ప్రకాశం నాదస్వర మేళం - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాశ్చాత్య సంగీతంలో ఛాంబర్ సంగీతానికి ప్రతినిధిగా స్ట్రింగ్ క్వార్టెట్‌ను పేర్కొంటారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి నిర్దేశకుడు లేకుండా సాగించే సంవాదం దాని స్వరూపం. గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప మైదానంలో తరతరాలుగా వినిపిస్తున్న నాదస్వర మేళం కూడా ప్రధానంగా నలుగురు వాద్యకారుల బృందమే: ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు. ఈ రెండు బృందాల నిర్మాణాన్ని, వాటిలోని వాద్యకారుల పరస్పర సంబంధాన్ని, వినికిడి స్థలాన్ని పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆరుబయట పుట్టిన మేళం సభావేదికకు చేరిన క్రమాన్ని షేక్ చినమౌలానా జీవితం ఆధారంగా వివరించి, స్థానిక కచేరీ పరంపరల అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: స్ట్రింగ్ క్వార్టెట్, ఛాంబర్ సంగీతం, నాదస్వరం, డోలు, కరవది, చిలకలూరిపేట, షేక్ చినమౌలానా, గమకం, కచేరీ.

1. ఉపోద్ఘాతం

సంగీతాన్ని గురించిన చర్చలో సాధారణంగా రాగం, తాళం, వాగ్గేయకారుడు, గాయకుడు ప్రధానాంశాలవుతారు. ఎంతమంది కలిసి వాయిస్తున్నారు, వారిలో ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారు, ఎంత దూరంలో కూర్చున్నవారికి ఆ నాదం ఉద్దేశింపబడింది అనే ప్రశ్నలు వెనుకబడతాయి. నిజానికి ఒక సంగీత సంప్రదాయం స్వభావాన్ని ఈ మూడు ప్రశ్నలూ చాలావరకు నిర్ణయిస్తాయి. పాశ్చాత్య సంగీతచరిత్రలో ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానమిచ్చే రూపం స్ట్రింగ్ క్వార్టెట్. మన ప్రాంతంలో వాటికి సమాధానం వెతకదలచినవారు ముందుగా చూడవలసినది నాదస్వర మేళాన్ని.

ఈ పోలిక మొదటి చూపులో వింతగా తోచవచ్చు. క్వార్టెట్ గోడల మధ్య వినదగిన మంద్రమైన తంత్రీవాద్యాల కలయిక. మేళం తేరు ముందు, పెళ్లిపందిట్లో, ఊరంతటికీ వినిపించే సుషిరవాద్య, చర్మవాద్యాల కలయిక. అయితే ఛాంబర్ సంగీతం అనే భావనకు తక్కువ శబ్దం ఒక్కటే లక్షణమా అన్నది ప్రశ్నించుకోవలసిన విషయం.

2. ఛాంబర్ సంగీతం: భావన, పరిణామం

ఛాంబర్ అంటే గది. దేవాలయంలోనో నాటకశాలలోనో కాక, ప్రభువుల, సంపన్నుల గృహాలలోని గదులలో కొద్దిమంది శ్రోతల ఎదుట వాయించే సంగీతానికి ఐరోపాలో ఈ పేరు స్థిరపడింది. కాలక్రమంలో స్థలాన్ని సూచించే ఈ మాట ఒక వాదనపద్ధతిని సూచించసాగింది. ఆ పద్ధతికి ప్రధానంగా మూడు లక్షణాలున్నాయి. మొదటిది, ఒక్కొక్క భాగాన్ని ఒక్కరే వాయించడం. రెండవది, నిర్దేశకుడు లేకపోవడం. మూడవది, వాద్యకారులు ఒకరినొకరు వింటూ, చూస్తూ కాలాన్ని నిలుపుకోవడం.

స్ట్రింగ్ క్వార్టెట్‌కు స్థిరమైన రూపమిచ్చిన స్వరకర్తగా జోసెఫ్ హైడన్ (1732-1809) ప్రసిద్ధుడు. ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో దీర్ఘకాలం పనిచేసిన ఆయన 68 క్వార్టెట్లు రచించినట్లు ఇప్పటి పరిశోధకులు లెక్కిస్తున్నారు. 1772 నాటి ఓపస్ 20, 1781 నాటి ఓపస్ 33 సంపుటులు ఈ ప్రక్రియకు మైలురాళ్లు. వాటి ప్రేరణతో మొజార్ట్ రచించి హైడన్‌కు అంకితమిచ్చిన ఆరు క్వార్టెట్లు 1785లో ప్రచురితమయ్యాయి. నలుగురు వివేకవంతులు మాట్లాడుకుంటుంటే విన్నట్లుంటుందన్న అర్థంలో జర్మన్ కవి గేథే 1829లో ఒక లేఖలో చేసిన వ్యాఖ్య ఈ ప్రక్రియను గురించిన చర్చలలో తరచుగా కనిపిస్తుంది.

ఇక్కడ గుర్తించవలసిన అంశం మరొకటి ఉంది. క్వార్టెట్ ఎల్లకాలం గదికే పరిమితం కాలేదు. వయొలిన్ విద్వాంసుడు ఇగ్నాజ్ షుప్పాన్‌జిగ్ 1804-05 ప్రాంతంలో వియన్నాలో చందాదారుల కోసం బహిరంగ క్వార్టెట్ కచేరీలు నిర్వహించాడు. కొలువు ఆదరణ తగ్గుతున్న కాలంలో శ్రోతలే పోషకులయ్యే పద్ధతి అలా బలపడింది. నేడు అనేక నగరాలలో కనిపించే స్థానిక ఛాంబర్ కచేరీ పరంపరలు ఈ పద్ధతికే కొనసాగింపు. అంటే వేదిక మారినప్పుడు పోషకులు మారారు. వారితోపాటు సంగీతరచన కూడా మారింది. 1806లో బీతోవెన్ రచించిన రజుమోవ్‌స్కీ క్వార్టెట్ల (ఓపస్ 59) విస్తృతి, కఠినత్వం అభిరుచితో ఇంట్లో వాయించుకునేవారి స్థాయిని మించినవి.

3. క్వార్టెట్ అంతర్నిర్మాణం

క్వార్టెట్‌లోని నాలుగు వాద్యాలూ ఒకే కుటుంబానికి చెందినవి. వయొలిన్, వయోలా, చెల్లో ఆకారంలో పెద్దవవుతున్నకొద్దీ నాదం మంద్రమవుతుంది. మూడింటిలోనూ పక్కపక్క తంత్రుల మధ్య షడ్జ-పంచమ సంబంధమే ఉంటుంది. వయోలా తంత్రులకు సరిగ్గా ఒక స్థాయి కింద చెల్లో తంత్రులుంటాయి. నాదగుణం ఒకటే కావడం వల్ల నాలుగు గొంతులు ఒకదానిలో ఒకటి సులభంగా కలిసిపోతాయి. ఆ కారణంగానే ఏ ఒక్కరు తప్పినా శ్రోతకు వెంటనే తెలిసిపోతుంది.

సాధారణంగా మొదటి వయొలిన్ రాగభావాన్ని నడిపిస్తుంది. చెల్లో ఆధారస్వరాన్ని నిలుపుతుంది. రెండవ వయొలిన్, వయోలా ఈ రెండింటి మధ్య అవకాశాన్ని నింపుతాయి. అయితే గొప్ప రచనలలో ఈ పాత్రలు నిలకడగా ఉండవు. ఒక వాద్యం ఎత్తుకున్న చిన్న స్వరసముదాయాన్ని మరొకటి అందుకుంటుంది, ఇంకొకటి దానికి ఎదురు పలుకుతుంది. ఈ సంవాదమంతా ముందుగా లిఖితమై ఉంటుంది. వాద్యకారుల స్వేచ్ఛ స్వరాలను కల్పించడంలో లేదు. అది వేగంలో, బలంలో, విరామంలో, కమాను ఒత్తిడిలో ఉంటుంది.

4. తెలుగు సంగీతంలో తంత్రీవాద్యం: క్వార్టెట్ ఎందుకు పుట్టలేదు?

క్వార్టెట్‌లోని ప్రధానవాద్యమైన వయొలిన్ ఫిడేలు పేరుతో మన సంగీతంలో భాగమై రెండు శతాబ్దాలు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు, ఆ తరువాత వడివేలు దీనిని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిగా ప్రసిద్ధులు. కుదురుగా కూర్చుని వాద్యం తలభాగాన్ని పాదంపై ఆనించి, తంత్రులను షడ్జ-పంచమ-షడ్జ-పంచమాలుగా శ్రుతి చేయడం మన పద్ధతి. దీనితో ఎడమచేయి వాద్యాన్ని మోసే భారం నుండి విడివడి జారుడు గమకాలకు అనువైంది.

తెలుగునాట ఫిడేలును పక్కవాద్యం స్థాయి నుండి ప్రధానవాద్యం స్థాయికి చేర్చినవారిలో విజయనగరం సంగీత కళాశాలకు చెందిన ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) అగ్రగణ్యులు. 1952లో విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఆయన వాద్యాన్ని మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు నివాసంలో విని ప్రశంసించారు. ఒక గృహంలో, కొద్దిమంది శ్రోతల మధ్య జరిగిన ఆ ఘటన ఛాంబర్ సంగీతం అనే మాటకు అక్షరాలా సరిపోతుంది.

అయినప్పటికీ నాలుగు తంత్రీవాద్యాలు వేర్వేరు భాగాలు వాయించే రూపం మన సంప్రదాయంలో ఏర్పడలేదు. కారణం రాగస్వభావంలోనే ఉంది. క్వార్టెట్ ఒకే క్షణంలో వినిపించే భిన్నస్వరాల పొందికపై ఆధారపడుతుంది. ఆ పొందికకు స్వరం నిలకడగా ఉండాలి. మన రాగంలో స్వరం తరచుగా కదలికలోనే తన రూపాన్ని పొందుతుంది. తోడిలో సాధారణ గాంధారం రిషభ, మధ్యమాల మధ్య ఊగుతూ పలుకుతుంది. దాని కింద స్థిరమైన మరో రెండు స్వరాలను నిలిపితే గాంధారం ఏ బిందువు వద్ద వాటితో పొందాలన్న సమస్య తలెత్తుతుంది. శంకరాభరణం వంటి రాగాలలో ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. పాశ్చాత్య బాణీలకు దీక్షితులు సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు శంకరాభరణ స్వరాలలో నడవడం ఈ దృష్టితో గమనార్హం.

ఈ సమస్యను ఎదుర్కొన్న సమకాలీన ప్రయత్నాలలో, చెన్నైలో వి.ఎస్. నరసింహన్ నాయకత్వాన 1990ల్లో రూపొందిన మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ ముఖ్యమైనది. తెలుగు సాహిత్యం గల త్యాగరాజ కృతులను ఆ బృందం రెండు వయొలిన్లు, వయోలా, చెల్లోలకు అమర్చింది. కృతి నడకను, గమకాలను ప్రధాన వయొలిన్‌కు అప్పగించి, తక్కిన వాద్యాలతో దాని చుట్టూ స్వరపు అల్లికను నిర్మించడం దాని పద్ధతి. అంటే పాశ్చాత్యరూపం మన దగ్గరకు వచ్చినప్పుడు నాలుగు గొంతుల సమానత్వం కొంత సడలి, మళ్లీ ఒక ప్రధానగొంతు చుట్టూ కూడిన బృందమైంది. ఇది లోపమనడం కంటే రాగం విధించిన నియమమనడం సమంజసం.

5. కరవది, చిలకలూరిపేట: మైదానపు నాదస్వర పరంపర

గుంటూరు-ప్రకాశం మైదానంలో సన్నాయి, డోలు మంగళవాద్యాలు. గుడిలో నిత్యసేవకూ, ఊరేగింపుకూ, పెళ్లికీ ఇవి లేకుండా తంతు పూర్తి కాదన్న భావన బలంగా ఉండేది. ఈ వాద్యాలను నాయీబ్రాహ్మణ కుటుంబాలతోపాటు ముస్లిం కుటుంబాలు కూడా వృత్తిగా చేపట్టడం ఈ ప్రాంతపు విశిష్టత. వారిలో దూదేకులవారు ప్రముఖంగా కనిపిస్తారు. దూది ఏకడం వారి కులవృత్తి కాగా, ప్రత్తి పండే నేలలో ఆ పేరుకూ ఊరి ఆర్థికజీవనానికీ ఉన్న సంబంధం స్పష్టం. మసీదులో నమాజు చేసి, కోవెల ముందు త్యాగరాజ కృతి వాయించడం వారి జీవితంలో పరస్పర విరుద్ధంగా పరిగణింపబడలేదు.

ఈ పరంపరలో షేక్ చినమౌలానా (1924-1999) పేరు దేశవ్యాప్తంగా తెలిసినది. ఒంగోలుకు సమీపంలోని కరవది ఆయన స్వగ్రామం. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కనుక ఆయన పుట్టిననాటికి ఆ గ్రామం గుంటూరు జిల్లాలో ఉండేది. తరతరాలుగా నాదస్వరాన్ని నమ్ముకున్న కుటుంబంలో తండ్రి వద్ద తొలిపాఠాలు నేర్చి, పిదప చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు. తంజావూరు బాణీపై మక్కువతో నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకన్ను వద్ద సాధన చేశారు. అనంతరం శ్రీరంగంలో స్థిరపడి, అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని నెలకొల్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆయన మనుమలు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగిస్తున్నారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ పొందారు. పురుషుల వాద్యంగా భావింపబడిన నాదస్వరంలో ఒక స్త్రీ సమాన భాగస్వామిగా నిలవడం ఈ పరంపరలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

6. మేళం నిర్మాణం

సంపూర్ణ మేళంలో రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, శ్రుతినిచ్చే ఒత్తు, తాళం ఉంటాయి. శ్రుతి, తాళాలను ఆధారంగా భావిస్తే, సంగీతాన్ని నిర్మించేవారు నలుగురు.

నాదస్వరం శంఖాకారపు కొయ్య గొట్టం. పైన జంట రెల్లుతో చేసిన పీక, కింద గంట ఆకారపు ముఖం ఉంటాయి. వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. వాటి దిగువన ఉండే రంధ్రాలను మైనంతో సవరించి శ్రుతిని సరిచేసుకుంటారు. వీణకు ఉన్నట్లు మెట్లు దీనికి లేవు. రంధ్రాన్ని ఎంత తెరవాలి, పీకపై పెదవి ఎంత అదమాలి, ఊపిరి ఎంత బలంగా పంపాలి అనే మూడింటి సమన్వయంతోనే స్వరం, గమకం పలుకుతాయి. స్వరస్థానాన్ని వాద్యం చూపదు, విద్వాంసుని చెవి మాత్రమే చూపుతుంది. ఈ ఒక్క విషయంలో నాదస్వరానికీ, మెట్లు లేని వయొలిన్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది.

రెండవ నాదస్వరం పాత్ర సూక్ష్మమైనది. కృతి వాయించేటప్పుడు ఇద్దరూ ఒకే వరుసను పలుకుతారు. ఆలాపనలో ఒకరు విస్తరిస్తుంటే మరొకరు ఆగుతారు, లేదా చివరి స్వరాన్ని పట్టి నిలుపుతారు. ఆపై అందుకుని ముందుకు సాగుతారు. ఊపిరిపై ఆధారపడిన వాద్యం కనుక ఈ వంతుల పద్ధతి విశ్రాంతికి మార్గం. అదే భావాన్ని ఎడతెగకుండా నడిపే ఉపాయం కూడా. డోలులో ఒకవైపు వేలితొడుగులతో, మరొకవైపు కర్రతో వాయిస్తారు. ఇద్దరు డోలు విద్వాంసులు కృతి నడకను అనుసరించి, తనియావర్తనంలో ఒకరి జతికి మరొకరు జవాబిస్తారు.

7. పోలిక, భేదం

రెండవ విభాగంలో పేర్కొన్న మూడు లక్షణాలతో మేళాన్ని పరీక్షిస్తే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది.

మొదటి లక్షణం ఇక్కడ పాక్షికంగానే వర్తిస్తుంది. రెండు నాదస్వరాలు ఒకే వరుసను పంచుకుంటాయి కనుక ఒక్కొక్కరిది స్వతంత్ర భాగమనలేము. అయితే ఆలాపనలోనూ, స్వరకల్పనలోనూ, తనిలోనూ ఎవరి భాగం వారిదే. రెండవ లక్షణం పూర్తిగా వర్తిస్తుంది. మేళానికి నిర్దేశకుడు లేడు. ప్రధాన నాదస్వర విద్వాంసుడు నాయకుడే గాని, వాయిస్తూనే నాయకత్వం వహిస్తాడు. క్వార్టెట్‌లో మొదటి వయొలిన్ కమాను కదలికతో ఎత్తుగడను సూచించినట్లే, ఇక్కడ కనుసైగ, తల ఊపు, వాద్యాన్ని ఎత్తే తీరు సూచనలవుతాయి. మూడవ లక్షణం మేళంలో మరింత తీవ్రంగా ఉంటుంది. క్వార్టెట్ వాద్యకారునికి ఎదుట లిఖితపత్రం ఉంటుంది. తోటివాడు ఏమి వాయించబోతున్నాడో అతనికి తెలుసు. మేళంలోని డోలు విద్వాంసునికి మరుక్షణం ఏ సంగతి వస్తుందో తెలియదు. వినడమే అతనికి ఆధారం.

భేదం ప్రధానంగా నాదపు అమరికలో ఉంది. క్వార్టెట్ నాలుగు భిన్నస్వరాలను నిలువుగా పేర్చుతుంది. మేళం ఒకే రాగరేఖను అడ్డంగా పొడిగిస్తూ, దానికి ఎదురుగా రెండు లయరేఖలను నిలుపుతుంది. మొదటిదానిలో సంవాదం స్వరానికీ స్వరానికీ మధ్య జరుగుతుంది. రెండవదానిలో రాగానికీ లయకూ మధ్య జరుగుతుంది. కాబట్టి మేళాన్ని "మన క్వార్టెట్" అనడం అతిశయోక్తి అవుతుంది. ఛాంబర్ సంగీతపు వాదనధర్మం గల ఆరుబయటి బృందమనడం సరైన వివరణ.

8. ఆరుబయటి నుండి సభకు

స్థలం మారినప్పుడు మేళంలో వచ్చిన మార్పులు ఈ వివరణను బలపరుస్తాయి. ఊరేగింపులో మేళం నడుస్తూ వాయిస్తుంది. దేవుడు బయలుదేరేటప్పుడు మల్లారి, దారిలో దీర్ఘమైన రాగాలాపన అక్కడి క్రమం. శ్రోత నిలబడి వింటాడు, కొంతదూరం వెంట నడుస్తాడు, వెళ్లిపోతాడు. సభలో శ్రోత కదలడు. కచేరీకి ఆరంభం, ముగింపు ఉంటాయి. వర్ణం, కృతులు, ప్రధానరాగం, తని, తుక్కడాలు అనే గాత్రకచేరీ క్రమాన్ని నాదస్వరం కూడా స్వీకరించింది.

వాద్యం కూడా మారింది. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో మోగే తిమిరి నాదస్వరం స్థానంలో పొడవైన, తగ్గు శ్రుతి గల బారి నాదస్వరం వ్యాపించింది. ఈ మార్పులో టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898-1956) పాత్ర ప్రధానమైనది. ఒత్తుకు బదులు తంబూరా శ్రుతిని స్వీకరించడం కూడా ఈ దిశలో వేసిన అడుగే. చినమౌలానాను తంజావూరు బాణీ వైపు ఆకర్షించినవారిలో రాజరత్నం పిళ్లై ముఖ్యులు. మంద్రస్థాయిలో నెమ్మదిగా రాగాన్ని విప్పడం, గాత్రాన్ని తలపించే మృదుత్వం చినమౌలానా వాద్యంలో శ్రోతలు మెచ్చిన గుణాలు. వియన్నాలో క్వార్టెట్ గదిలోనుండి బయటికి వచ్చి బలం పెంచుకుంది. ఇక్కడ నాదస్వరం బయటినుండి గదిలోకి వచ్చి మృదుత్వం నేర్చుకుంది. దిశలు వేరు, కారణం ఒకటే: నాదం తనను వినే స్థలాన్ని బట్టి మలచుకుంటుంది.

పోషణ విషయంలో మాత్రం రెండు చరిత్రలు విడిపోతాయి. కోస్తా ఆంధ్రలో కచేరీ పరంపరకు స్థానికరూపం శ్రీరామనవమి పందిరి. ఊరివారి చందాలతో నవరాత్రులు సాగే ఆ పందిళ్లు ఒకవిధంగా షుప్పాన్‌జిగ్ చందాకచేరీలకు సమానధర్మం గలవే. ప్రత్తి, మిరప అమ్ముడై చేతిలో డబ్బు ఆడే వేసవి మొదట్లోనే నవమి రావడం చందాలకు అనువుగా ఉండేది. కాని నాదస్వరాన్ని ఆ పందిట్లో ఎక్కువగా ప్రారంభసూచకంగా వినేవారే గాని, ప్రధానకచేరీగా వినేవారు తక్కువ. మంగళవాద్యమన్న గౌరవమే ఆ వాద్యానికి హద్దు కూడా అయింది. పెళ్లిలో తాళి కట్టే వేళ గట్టిమేళం కావాలి, దానికి ముందు వాయించిన కల్యాణిని విన్నవారెవరు అన్న ప్రశ్న మిగులుతుంది. కరవదిలో పుట్టిన విద్వాంసుడు శ్రీరంగంలో స్థిరపడటానికి అక్కడి గురుపరంపరపై మక్కువతోపాటు, నాదస్వరాన్ని కూర్చుని వినే సమాజం అక్కడ ఉండటం కూడా దోహదం చేసిందని భావించవచ్చు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. ఒకటి, ఛాంబర్ సంగీతం అనే భావనను శబ్దపరిమాణంతో కాక వాద్యకారుల పరస్పర శ్రవణంతో నిర్వచిస్తే, నాదస్వర మేళం ఆ చర్చలో న్యాయంగా చోటు పొందుతుంది. రెండు, క్వార్టెట్‌కూ మేళానికీ ఉన్న భేదం స్థాయీభేదం కాదు. స్వరాలను నిలువుగా పేర్చే సంగీతానికీ, రాగాన్ని అడ్డంగా విస్తరించే సంగీతానికీ ఉన్న స్వభావభేదం. మూడు, ఏ బృందవాద్యమైనా నిలవాలంటే విద్వాంసులతోపాటు క్రమంగా కూర్చుని వినే శ్రోతలు కావాలి.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర నాదస్వరం, డోలు పాఠశాల వంటి సంస్థలు విద్వాంసులను తయారుచేస్తున్నాయి. శ్రోతలను తయారుచేసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఈ మైదానంలోని కళాశాలలకు సమావేశమందిరాలున్నాయి, విద్యార్థులున్నారు, చుట్టుపక్కల ఊళ్లలో మేళాలున్నాయి. నెలకొక సాయంత్రం, మైకు లేకుండా, వందమందికి మించని శ్రోతలతో ఒక మేళాన్ని పూర్తి కచేరీగా వినిపించడం పెద్ద వ్యయంతో కూడినది కాదు. ఆ సందర్భంలోనే కుటుంబాల వంశక్రమాన్ని, గురుపరంపరను, పీక తయారీ వంటి పనితనాన్ని, ఈ ప్రాంతపు వాద్యకారులు వాడే వృత్తిపదాలను నమోదు చేయడం తెలుగు, చరిత్ర, సంగీత శాఖల పరిశోధకులకు సాధ్యమైన పని. పెద్దతరం విద్వాంసులు ఉన్నప్పుడే ఇది జరగాలి. తాళికట్టు వేళ ఒక్క నిమిషం మాత్రమే వినే వాద్యంగా అది మిగిలిపోతే, దానిలోని సంవాదాన్ని తరువాతి తరం వినడానికి అవకాశమే ఉండదు.